కాన్సన్‌ట్రేటెడ్: అర్థాలు, వాడుక

కాన్సన్‌ట్రేటెడ్ ఇంగ్లిష్‌లో ఒక విశేషణం. చెదిరి ఉన్నది ఒకచోటికి చేరిందని, తక్కువ చోటులో ఎక్కువ మోతాదు నిండిందని ఈ మాట చెబుతుంది. ఆమ్లం సీసా మీద, పండ్లరసం డబ్బా మీద, ఆసుపత్రిలో ఇంజెక్షన్ మీద, ఇంజనీరు లెక్కల్లో, ఆర్థిక వ్యాసాల్లో, ధ్యానం గురించిన పుస్తకాల్లో ఇదే మాట కనిపిస్తుంది. రంగం మారినప్పుడల్లా తెలుగులో దానికి వేరే మాట వెతుక్కోవాలి. గాఢ, సాంద్రీకృత, కేంద్రీకృత, ఏకాగ్ర, చిక్కటి అన్నవన్నీ ఒక్కోచోట దానికి సరిపోయేవే. ఇన్ని వాడుకల్లోనూ మారని గుణం ఒకటుంది. ఈ విశేషణం చెప్పేది నిష్పత్తిని. ఆ పదార్థం ఎంత బలమైనదో, మొత్తం ఎంత ఉందో దీన్నిబట్టి తెలియదు. చెంచాడు గాఢ ఆమ్లంలో కంటే బకెట్ సజల ఆమ్లంలోనే మొత్తం ఆమ్లం ఎక్కువ ఉండవచ్చు. ఈ తేడా మరిచినచోట ఒళ్లు కాలుతుంది, మందు మోతాదు మించుతుంది, పైరు మాడుతుంది.

పుట్టుక, వ్యాకరణం

లాటిన్‌లో 'కాన్' అంటే కలిసి, 'సెంట్రమ్' అంటే కేంద్రం. కేంద్రం వైపు కలిసి రావడం అన్నది ఈ మాట మూలార్థం. సెంట్రమ్ గ్రీకు 'కెంట్రాన్' నుంచి వచ్చింది. కెంట్రాన్ అంటే ముల్లు, ఎద్దులను అదిలించే ములుకోల. వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే మొనను కూడా గ్రీకులు అలాగే పిలిచారు. ఆ గ్రీకు మాటే జ్యోతిష గ్రంథాల దారిన సంస్కృతానికి చేరి 'కేంద్రం' అయింది. కాబట్టి కాన్సన్‌ట్రేటెడ్ అన్న ఇంగ్లిష్ మాటకూ, దానికి తెలుగులో వాడే కేంద్రీకృతం అన్న మాటకూ మూలం ఒక్కటే. ఒకటి రోము మీదుగా లండన్ చేరింది, మరొకటి ఉజ్జయిని పండితుల లెక్కల మీదుగా మనకు చేరింది.

ఇంగ్లిష్‌లో కాన్సన్‌ట్రేట్ అనే క్రియ 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. ముందు కేంద్రానికి తేవడం అనే అర్థంలో వాడారు. ద్రవంలో నీరు తగ్గించి అందులోని సారం పాళ్లు పెంచడమన్న అర్థం కూడా ఆ శతాబ్దంలోనే చేరింది. ఆ క్రియకు 'డ్' చేర్చగా వచ్చిన రూపమే ఈ విశేషణం. నామవాచకానికి ముందూ వస్తుంది, వాక్యం చివర విధేయంగానూ వస్తుంది. తరతమ భేదం చెప్పాలంటే ముందు 'మోర్', 'మోస్ట్' చేరుస్తారు. బాగా ఎక్కువ అనడానికి 'హైలీ' చేరుస్తారు. ప్రయోగశాల సీసాల మీద స్థలం చాలక 'కాంక్' అనేంతవరకే రాసి చుక్క పెడతారు.

కాన్సన్‌ట్రేషన్ అనే నామవాచకంతో దీనికి ఉన్న తేడా విద్యార్థులను తరచూ తికమక పెడుతుంది. నామవాచకం ఎంత తక్కువ పాళ్లకైనా వర్తిస్తుంది, విశేషణం ఎక్కువ పాళ్లకే వర్తిస్తుంది. నల్లగొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గాఢతను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5 మిల్లీగ్రాములు. దానికి మూడు రెట్లున్న నీళ్లను ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతినవచ్చు, అయినా ఆ నీటిని ఎవరూ కాన్సన్‌ట్రేటెడ్ ఫ్లోరైడ్ ద్రావణం అనరు. రసాయన శాస్త్రం దృష్టిలో అది ఎంతో పలచటి ద్రావణం. ఒంటికి చేసే హాని వేరు, ద్రావణం గాఢత వేరు.

రసాయన శాస్త్రంలో

ఈ మాటకు అత్యంత కచ్చితమైన అర్థం ఇక్కడే ఉంది. ద్రావణిలో ద్రావితం ఎక్కువ పాళ్లలో కరిగి ఉంటే అది గాఢ ద్రావణం, తక్కువ ఉంటే విలీన ద్రావణం. ఆమ్లాల విషయంలో విలీనానికి బదులు సజల అనే మాటను తెలుగు పాఠ్యపుస్తకాలు స్థిరపరిచాయి. ఎంత ఉంటే గాఢం అన్నదానికి అన్నిటికీ వర్తించే హద్దు లేదు, ఒక్కో పదార్థానికి వ్యాపార ప్రమాణం ఒక్కో రకంగా స్థిరపడింది. సల్ఫ్యూరికామ్లం బరువులో సుమారు 98 శాతం ఉంటే గాఢం. లీటరులో 18 మోల్‌లు అన్నమాట. హైడ్రోక్లోరికామ్లం 37 శాతం దగ్గరే, అంటే 12 మోల్‌ల దగ్గరే ఆగుతుంది. అది నీటిలో కరిగిన వాయువు కాబట్టి మామూలు పరిస్థితుల్లో అంతకుమించి నిలవదు, మూత తీయగానే పొగలు వస్తాయి. నత్రికామ్లం 68 శాతం దగ్గర నీటితో కలిసి ఒకే ఉష్ణోగ్రత వద్ద మరుగుతుంది, మామూలు స్వేదనంతో దాన్ని ఇంకా చిక్కబరచలేరు. అలా 37, 68, 98 అనే మూడు దూరపు అంకెలకు సీసా మీద రాసేది ఒకే మాట.

గాఢం, బలమైనది అనే రెంటినీ కలిపేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. బలమైన ఆమ్లం అంటే నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేది, అది ఆ పదార్థం స్వభావం. గాఢత అంటే అది ఎంత కలిపామన్నది. గ్లేషియల్ ఎసిటికామ్లం దాదాపు 100 శాతం ఆమ్లమే, లీటరుకు 17 మోల్‌లకు పైగా ఉంటుంది, అయినా అది బలహీన ఆమ్లం. లీటరు నీటిలో మోల్‌లో నూరో వంతు హైడ్రోక్లోరికామ్లం వేస్తే అది ఎంతో సజలం, అయినా బలమైన ఆమ్లమే. ఇంగ్లిష్ వాడుకభాషలో ఘాటైన కాఫీని 'స్ట్రాంగ్' అంటారు కాబట్టి ఈ రెండు మాటలూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. ఆ కాఫీ నిజానికి గాఢమైన కాఫీ.

గాఢతకూ సాంద్రతకూ సంబంధం ఉన్నా అవి ఒకటి కావు. గాఢ సల్ఫ్యూరికామ్లం మిల్లీలీటరు 1.84 గ్రాములు తూగుతుంది, నీటికంటే బాగా బరువు. గాఢ అమ్మోనియా ద్రావణం 0.9 గ్రాములే, నీటికంటే తేలిక. అమ్మోనియా పాళ్లు పెంచేకొద్దీ ద్రావణం ఇంకా తేలికవుతుంది. చిక్కదనం మాట కూడా అంతే. సల్ఫ్యూరికామ్లం నూనెలా జారుతుంది కానీ గాఢ హైడ్రోక్లోరికామ్లం నీళ్లలాగే పారుతుంది. చూపుకు పలచగా ఉంది కదా అని సీసాను తేలిగ్గా తీసుకోకూడదు.

సంతృప్త ద్రావణానికీ గాఢ ద్రావణానికీ ఉన్న తేడాకు సున్నపు తేట మంచి ఉదాహరణ. లీటరు నీటిలో కరిగే సున్నం రెండు గ్రాములైనా ఉండదు, అంతకుమించి అది కరగదు. అంటే సున్నపు తేట సంతృప్తం, అయినా పలచనిదే. అదే 100 గ్రాముల నీటిలో 100 గ్రాముల పంచదార వేస్తే ద్రావణం బాగా గాఢం, అయినా ఇంకా దాదాపు అంతే పంచదారను కరిగించుకోగలదు.

గాఢత మారితే పదార్థం నడవడి కూడా మారిపోవడం రసాయన శాస్త్రంలోని ఆసక్తికరమైన విషయాల్లో ఒకటి. గాఢ సల్ఫ్యూరికామ్లం పంచదారలోంచి నీటి అంశాన్ని లాగేసి నల్లటి బొగ్గుముద్దను మిగులుస్తుంది, సజలామ్లం ఆ పని చేయదు. ఇనుము విషయంలో ఇది తలకిందులవుతుంది. సజల సల్ఫ్యూరికామ్లం ఇనుమును తినేస్తూ హైడ్రోజన్‌ను వదులుతుంది. గాఢామ్లం ఇనుము మీద సల్ఫేట్ పొర కట్టించి ఆగిపోతుంది, అందుకే దాన్ని ఉక్కు ట్యాంకర్లలో తరలించగలుగుతున్నారు. చేతులు శుభ్రం చేసుకునే ఆల్కహాల్‌దీ ఇలాంటి సంగతే. 95 శాతం ఆల్కహాల్ కంటే 70 శాతానిదే సూక్ష్మక్రిములను బాగా చంపుతుంది. క్రిమి లోపలి ప్రొటీన్లను చెడగొట్టడానికి ఆల్కహాల్‌కు కొంత నీటి తోడు కావాలి.

గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని సజలం చేసే పనిలో క్రమం తప్పకూడదు. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా, గాజు కడ్డీతో కలుపుతూ పోయాలి. నీటిని ఆమ్లంలో పోయకూడదు. ఆమ్లం నీటితో కలిసేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. తేలికైన నీరు బరువైన ఆమ్లం మీద తేలుతూ ఉన్నచోటే మరిగి, ఆమ్లపు చుక్కలతో సహా పైకి చిందుతుంది. నీరు ఎక్కువ ఉన్న పాత్రలోకి ఆమ్లం వెళితే ఆ వేడి నీరంతటా పంచుకుపోతుంది.

వంటింటి పాకం నుంచి ఫ్యాక్టరీ గుజ్జు వరకు

ద్రవాన్ని గాఢం చేయడానికి పాత మార్గం మరిగించడం. ఇక్కడ తెలుగువారి వంటిళ్లలో గాఢతను కొలిచే సొంత పద్ధతి ఎప్పటినుంచో ఉంది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అన్న పేర్లు నిజానికి గాఢత మెట్లు. పంచదార పాకంలో నీరు ఇగిరేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటి పైకి పోతుంది. వేళ్ల మధ్య తీగ సాగే దశలో పాకంలో పంచదార 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది, వేడి 110 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. మెత్తటి ఉండ కట్టే దశకు పంచదార 85 శాతానికి, వేడి 112 నుంచి 116 డిగ్రీలకు చేరుతుంది.

అరిసెలు చేసేవారు చల్లనీళ్లు పోసిన పళ్లెంలో చుక్క బెల్లపు పాకం వేసి చూస్తారు. చుక్క నీళ్లలో చెదిరిపోతే ఇంకా లేత. వేలితో నెడితే దగ్గరికి చేరి మెత్తటి ఉండ అయితే పొయ్యి మీంచి దించి పిండి కలుపుతారు. ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమైతే ఉండ పళ్లానికి కొట్టినప్పుడు టక్కుమంటుంది, ఆ పాకంతో చేసిన అరిసెలు గట్టిపడతాయి. లేతగా దించితే నూనెలో విడిపోతాయి. ఒకటి రెండు శాతం తేడాను ఉష్ణమాపకం లేకుండా వేలితో పట్టుకునే ఈ నేర్పు చిన్నది కాదు. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు రసాన్ని బెల్లంగా మార్చేవారి నైపుణ్యం కూడా ఇదే కోవకు చెందింది.

పెద్ద ఎత్తున మరిగించాలంటే ఇంధనం ఖర్చు భారమవుతుంది, రుచీ మాడుతుంది. అమెరికాలోని లూసియానాకు చెందిన నార్బెర్ట్ రిల్యూ 1843లో పేటెంట్ పొందిన పద్ధతి ఈ చిక్కును విప్పింది. గాలి తీసేసిన పాత్రలో ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. మొదటి పాత్రలో లేచిన ఆవిరితో రెండోదాన్ని, రెండోదాని ఆవిరితో మూడోదాన్ని వేడి చేస్తే అదే ఇంధనంతో రెండు మూడు రెట్ల నీరు ఇగురుతుంది. చక్కెర ఫ్యాక్టరీల్లో, పాల ఫ్యాక్టరీల్లో నేటికీ ఇదే సూత్రం. గెయిల్ బోర్డెన్ 1856లో పేటెంట్ తీసుకున్న డబ్బాపాలు కూడా శూన్యంలో చిక్కబరిచినవే. ఆ డబ్బా మీద మాత్రం కాన్సన్‌ట్రేటెడ్ అని కాకుండా 'కండెన్స్‌డ్' అని ఉంటుంది. వ్యాపారంలో ముందుగా స్థిరపడిన పేరే నిలిచిపోయింది.

పండ్లరసాల్లో ఈ మాట నామవాచకంగా ఎక్కువ వినిపిస్తుంది. నారింజ రసంలో కరిగి ఉన్న ఘనపదార్థం 12 శాతం దరిదాపుల్లో ఉంటే గాఢరసంలో సుమారు 65 శాతం ఉంటుంది. ఆ కొలతను బ్రిక్స్ డిగ్రీల్లో చెబుతారు. ఒక కిలో గాఢరసానికి నీళ్లు కలిపితే ఐదున్నర కిలోల దాకా మామూలు రసం వస్తుంది. ఓడల్లో నీటిని మోయాల్సిన పని తప్పుతుంది. నీటితోపాటు వాసనలు కూడా ఎగిరిపోవడం దీనిలో లోపం. 1940ల్లో ఫ్లోరిడా పరిశోధకులు రసాన్ని కావలసినదానికంటే ఎక్కువ చిక్కబరిచి, తర్వాత కొంత తాజా రసం చేర్చి ఆ లోపాన్ని చాలావరకు పూడ్చారు. చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి గుజ్జుకు కూడా ఎగుమతి ప్రమాణాల్లో రెండు స్థాయిలున్నాయి. మామూలు గుజ్జు 14 బ్రిక్స్‌కు తగ్గకూడదు, గాఢ గుజ్జు 28కి తగ్గకూడదు.

పశుపోషణలో కాన్సన్‌ట్రేట్ అంటే తెలుగు రైతుకు బాగా తెలిసిన దాణా. తవుడు, మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క వంటివి దీనిలోకి వస్తాయి. పీచు 18 శాతం లోపు ఉండి, శక్తి లేదా మాంసకృత్తులు ఎక్కువ ఉన్న మేతను దాణాగా లెక్కిస్తారు. ఎండుగడ్డి, పచ్చిమేత పీచుమేత కిందికి వస్తాయి. ఇక్కడ నీరు ఇగర్చడంతో పనేమీ లేదు, పోషకాలు గుట్టగా ఉన్నాయన్నదే అర్థం.

మందుల్లో, పురుగుమందుల్లో

ఈ విశేషణం ప్రాణాల మీదికి వచ్చే రంగం ఇదే. సీసా మీద రాసిన మోతాదు ఒకటి, గాఢత ఒకటి. ఆ రెంటినీ విడిగా చదవాలి. భారతదేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. సిరంజీలూ అందుకు తగ్గట్టు రెండు రకాలుంటాయి. 40 రకానిది ఎర్ర మూతతో, 100 రకానిది నారింజ రంగు మూతతో వస్తుంది. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 గీతల సిరంజీతో ఎక్కిస్తే ఒంట్లోకి పోయేది అనుకున్నదానికి రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి ఇది చాలు. వైద్య గ్రంథాల్లో కాన్సన్‌ట్రేటెడ్ ఇన్సులిన్ అన్న పేరును 100కు మించిన 200, 300, 500 యూనిట్ల రకాలకే వాడతారు.

సిరల్లోకి ఎక్కించే పొటాషియం క్లోరైడ్ గాఢ ద్రావణంగా చిన్న ఆంప్యూల్స్‌లో వస్తుంది. దాన్ని సెలైన్‌లో కలిపి, నెమ్మదిగా ఎక్కించాలి. కలపకుండా నేరుగా ఇస్తే గుండె ఆగిపోతుంది. ఇలాంటి గాఢ లవణ ద్రావణాల నిల్వ మీద, లేబుళ్ల మీద నియంత్రణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన రోగి భద్రతా సూచనల్లో ప్రత్యేకంగా చేర్చింది. ఇంట్లో కలిపే ఓఆర్ఎస్‌కూ ఇదే జాగ్రత్త అవసరం. లీటరు నీటికి ఉద్దేశించిన పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఆ ద్రావణం పిల్లవాడి ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలను పెంచుతుంది. మందు ఎక్కువైతే మేలూ ఎక్కువవుతుందన్న నమ్మకం ఇక్కడ చేసే చెరుపు పెద్దది.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అన్న పేరు 2021 వేసవిలో కోవిడ్ విజృంభించినప్పుడు తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసింది. గదిలోని గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. ఈ యంత్రం ఆ గాలిని జియోలైట్ గుళికల మధ్య నుంచి ఒత్తిడితో పంపుతుంది. గుళికలు నత్రజనిని పట్టుకుంటాయి, బయటికి వచ్చేదానిలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం ఉంటుంది. యంత్రం ఆక్సిజన్‌ను తయారు చేయదు, ఉన్నదాని పాళ్లు పెంచుతుంది.

పురుగుమందు డబ్బాల మీద ఈ మాట పొడి అక్షరాల్లో దాగి ఉంటుంది. పేరు పక్కన ఉండే 'ఇ.సి.' అంటే ఎమల్సిఫయబుల్ కాన్సన్‌ట్రేట్, నీటిలో కలిపితే పాలలా తెల్లబడే గాఢ ద్రవం. 'ఎస్.సి.' అంటే సస్పెన్షన్ కాన్సన్‌ట్రేట్. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి. అంటే అందులో అసలు మందు 20 శాతమని అర్థం. లీటరు నీటికి రెండున్నర మిల్లీలీటర్లు కలిపితే పిచికారీ ద్రావణంలో అసలు మందు 0.05 శాతానికి దిగుతుంది. డబ్బా నుంచి మందు కొలిచి పోసే ఆ ఒకటి రెండు నిమిషాల్లో రైతు చేతికి తగిలేది 400 రెట్లు గాఢమైన ద్రవం. చేతి తొడుగులు పిచికారీ సమయంకంటే అప్పుడే ఎక్కువ అవసరం.

ఖనిజాల్లో

గనిలోంచి తీసిన రాయిలో లోహం పాళ్లు చాలా తక్కువ. రాగి ముడిఖనిజంలో ఒక శాతం రాగి ఉన్నా దాన్ని తవ్వుతారు. దాన్ని నేరుగా కొలిమిలో వేస్తే మట్టిని కరిగించడానికే ఇంధనమంతా పోతుంది. అందుకని ముందు ఖనిజమాలిన్యాన్ని వేరు చేస్తారు, దీన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు ముడిఖనిజ సాంద్రీకరణ అంటాయి. సల్ఫైడ్ ఖనిజాలకు ప్లవన ప్రక్రియ వాడతారు. మెత్తగా నూరిన రాయిని నీటిలో కలిపి, తగిన నూనెలు చేర్చి, గాలి ఊదుతారు. ఖనిజపు రేణువులు నురుగు బుడగలకు అంటుకుని పైకి తేలుతాయి, మట్టి అడుగున దిగుతుంది. అలా వచ్చిన రాగి కాన్సన్‌ట్రేట్‌లో లోహం 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది.

యురేనియం దగ్గర వాడుక మారుతుంది. ఖనిజం నుంచి తీసిన పసుప్పచ్చ ముద్దను యురేనియం కాన్సన్‌ట్రేట్ అంటారు, హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అలాంటి ముద్ద నుంచే రియాక్టర్ ఇంధనం తయారు చేస్తుంది. యురేనియం–235 ఐసోటోపు పాళ్లను 0.7 శాతం నుంచి పైకి పెంచినప్పుడు మాత్రం కాన్సన్‌ట్రేటెడ్ అనరు, 'ఎన్‌రిచ్‌డ్' అంటారు. ఒకే మూలకంలోని పరమాణువుల పాళ్లు మార్చడానికి వేరే మాట ఉండటం సబబే.

వెలుగు, బరువు

కాంతి ఒకచోటికి చేరడాన్ని చెప్పే మరో మాట 'ఫోకస్'. లాటిన్‌లో దానర్థం పొయ్యి. కెప్లర్ 1604లో దృశాశాస్త్ర గ్రంథంలో కిరణాలు కూడే బిందువుకు ఆ పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని నాభి అంటున్నాం. అలా కిరణాలను కూడగట్టే కాన్సన్‌ట్రేటెడ్ సోలార్ పవర్ అంటే అద్దాలతో ఎండను ఒకచోటికి మళ్లించి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, విద్యుత్తు తీసే పద్ధతి. ఎత్తైన గోపురం చుట్టూ అద్దాలు పరిచే కేంద్రాల్లో కరిగిన లవణాలు 565 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ వేడి రాత్రికీ నిలుస్తుంది. విద్యుత్తు కోసమే కాక వంటకూ ఇది పనికొస్తుంది. తిరుమలలో 2002లో ఏర్పాటు చేసిన సౌర ఆవిరి వ్యవస్థలో 106 పరావలయ దర్పణాలు సూర్యుడి వెంట తిరుగుతూ సుమారు 15,000 మందికి వంట చేసేంత ఆవిరిని ఇచ్చేలా రూపొందించారు. మొత్తం ఎండ పెరగలేదు, పడే చోటు కుదించుకుపోయింది. రసాయన శాస్త్రంలోని నిష్పత్తి సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

నిర్మాణ ఇంజనీరుకు కాన్సన్‌ట్రేటెడ్ లోడ్ అంటే ఒక బిందువు మీద పడే భారం. రెండు చివరల ఆనుకున్న దూలం మీద ఒక బరువును నడిమధ్య పెడితే దూలం మీద పడే గరిష్ఠ వంపు ప్రభావం, అదే బరువును దూలం పొడవునా సమంగా పరిచినప్పటికంటే సరిగ్గా రెట్టింపు. ఇంట్లో నీళ్ల ట్యాంకును, బరువైన బీరువాను ఎక్కడ పెట్టాలని ఇంజనీరు అడగడానికి కారణం ఇదే. పలకలో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుంది, మొనదేలిన మూలల దగ్గర ఇంకా ఎక్కువవుతుంది. 1954లో గాలిలో విరిగిపోయిన ఒక కామెట్ జెట్ విమానంలో పగుళ్లు పైకప్పులోని చతురస్రాకారపు కోతల మూలల దగ్గరే మొదలయ్యాయి.

జనం, సొమ్ము

మనుషుల విషయంలో ఈ విశేషణం వెనుక 'ఇన్' అనే విభక్తి వస్తుంది. ఈజిప్టు జనాభాలో 95 శాతం దాకా నైలు లోయలో, డెల్టాలో, అంటే దేశ విస్తీర్ణంలో ఇరవయ్యో వంతు నేల మీద నివసిస్తున్నారు. అమెరికాలోని తెలుగువారు టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో ఎక్కువగా ఉన్నారు. ఇలాంటిచోట జనసాంద్రత అనేది సగటు అంకె, కేంద్రీకరణ అనేది పంపిణీ తీరు. సగటు తక్కువున్న దేశంలోనూ జనం ఒకేచోట గుమిగూడి ఉండవచ్చు, ఈజిప్టు అందుకు సాక్ష్యం.

ఆర్థికవేత్తలు మార్కెట్ ఎంతమంది చేతుల్లో ఉందో కొలవడానికి హెర్ఫిండాల్–హిర్ష్‌మన్ సూచీ వాడతారు. ప్రతి సంస్థ వాటా శాతాన్ని వర్గం చేసి కూడితే వచ్చేదే ఆ సూచీ. నాలుగు సంస్థలకు తలా 25 శాతం ఉంటే 2,500, ఒక్కదానికే 100 శాతం ఉంటే 10,000. అమెరికా 2023 మార్గదర్శకాల ప్రకారం 1,800 దాటిన మార్కెట్ 'హైలీ కాన్సన్‌ట్రేటెడ్' కింద లెక్క. మన మ్యూచువల్ ఫండ్లలో గరిష్ఠంగా 30 కంపెనీల షేర్లకే పరిమితమయ్యేవాటికి సెబీ పెట్టిన పేరు 'ఫోకస్‌డ్ ఫండ్'. అందులో కాన్సన్‌ట్రేటెడ్ అన్న భావమే ఉన్నా ఆ మాట వినగానే నష్టభయం తోస్తుంది, ఫోకస్‌డ్ వినసొంపుగా ఉంటుంది.

ఒకచోటికి చేర్చడమన్న అర్థానికి చరిత్రలో ఘోరమైన మచ్చ కూడా ఉంది. 1896లో క్యూబాలో స్పెయిన్ పాలకులు పల్లెవాసులను బలవంతంగా కంచెల మధ్యకు తరలించారు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్‌వారు స్త్రీలనూ పిల్లలనూ అలాగే శిబిరాల్లో పెట్టారు. ఆ శిబిరాలకు పెట్టిన కాన్సన్‌ట్రేషన్ క్యాంప్ అన్న పేరే తర్వాత నాజీల నిర్బంధ శిబిరాలకు వచ్చింది. అందువల్ల మనుషులను గుమికూర్చడం గురించి రాసేటప్పుడు ఇంగ్లిష్ రచయితలు ఈ నామవాచకాన్ని ఆచితూచి వాడతారు.

మనసు

పతంజలి యోగసూత్రాల్లోని ధారణ అనే మాటకు ఇంగ్లిష్ అనువాదకులు ఎక్కువగా ఎంచుకున్నది కాన్సన్‌ట్రేషన్. 1896లో వెలువడిన వివేకానందుని 'రాజయోగ' ఆ వాడుకను పాశ్చాత్య పాఠకులకు దగ్గర చేసింది. విశేషణం మాత్రం మనసు విషయంలో పరిమితంగానే వస్తుంది. 'కాన్సన్‌ట్రేటెడ్ ఎఫర్ట్', 'కాన్సన్‌ట్రేటెడ్ అటెన్షన్' అంటారు, అంటే శ్రమకో, దృష్టికో చేరుస్తారు. మనిషికి నేరుగా చేర్చి 'ఐ యామ్ కాన్సన్‌ట్రేటెడ్' అనడం ఇంగ్లిష్‌లో కృతకంగా ఉంటుంది. ఫ్రెంచ్, స్పానిష్ మాతృభాషగా ఉన్నవారు తమ భాషా ప్రభావంతో అలా అంటుంటారు. సహజమైన వాడుక 'ఐ యామ్ కాన్సన్‌ట్రేటింగ్' లేదా 'ఫోకస్‌డ్'. ఏకాగ్రత నిలిపే విషయం చెప్పాలంటే 'ఆన్' వస్తుంది, 'ఇన్' రాదు.

తెలుగు అవధానంలోని దృష్టికి ఈ విశేషణం పూర్తిగా అతకదు. అష్టావధాని ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య మనసును తిప్పుతూ, ఏ తీగా తెగకుండా చివర ధారణ చేస్తాడు. ఒకే బిందువు మీద నిలిచే చూపుకంటే అది కష్టమైన విద్య.

పోలిన మాటలు, తెలుగు సమానార్థకాలు

'డెన్స్' అంటే దట్టమైన, అడవికీ పొగమంచుకీ వాడేది. అది ఉన్న స్థితిని చెబుతుంది, కాన్సన్‌ట్రేటెడ్ ఆ స్థితికి చేరిన క్రియను కూడా గుర్తు చేస్తుంది. 'ఇంటెన్స్' తీవ్రతను చెబుతుంది, నొప్పికీ ఎండకీ ప్రేమకీ వస్తుంది. 'కండెన్స్‌డ్' కుదించినదాన్ని చెబుతుంది, పాలకూ కథలకూ వర్తిస్తుంది. 'కన్‌సర్టెడ్ ఎఫర్ట్' అంటే పలువురు కలిసికట్టుగా చేసిన ప్రయత్నం, 'కాన్సన్‌ట్రేటెడ్ ఎఫర్ట్' అంటే ఒకే పని మీద పెట్టిన ప్రయత్నం, ఒక్కరు చేసినా చాలు. ఉచ్చారణ దగ్గరగా ఉండటంతో ఈ రెండూ పత్రికల్లో తరచూ తారుమారవుతాయి. వ్యతిరేకపదాలు కూడా రంగాన్నిబట్టి మారతాయి. ద్రావణానికి డైల్యూట్, కాంతికి డిఫ్యూజ్, భారానికి డిస్ట్రిబ్యూటెడ్, జనానికి డిస్పర్స్‌డ్ లేదా స్కాటర్డ్.

తెలుగులో ఆమ్లాలకూ ద్రావణాలకూ గాఢ, ఖనిజానికి సాంద్రీకృత, అధికారానికీ సంపదకూ భారానికీ కేంద్రీకృత, మనసుకు ఏకాగ్ర అన్న వాడుక స్థిరపడింది. పాలకూ పులుసుకూ చిక్కటి అన్నదే సరైన మాట, గాఢమైన పాలు అని రాస్తే అది అనువాదమని ఇట్టే తెలిసిపోతుంది. గాఢ అన్న విశేషణానికి తెలుగులో లోతు అనే అర్థం కూడా ఉండటంతో గాఢనిద్ర, గాఢాంధకారం, గాఢానురాగం వంటి సమాసాలు ఏర్పడ్డాయి. వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు డీప్ అనాలి, కాన్సన్‌ట్రేటెడ్ అనకూడదు. మందు సీసాల మీద, పురుగుమందు డబ్బాల మీద తెలుగులో ముద్రించేటప్పుడు గాఢ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా 'పలచబరచకుండా వాడరాదు' అన్న హెచ్చరికను, కలపాల్సిన కొలతను పక్కనే అంకెల్లో ఇవ్వడం అవసరం.